వెళ్లిపొమ్మన్నా వెళ్లని ఊరు

ఆలుమగలిద్దరే కలిసి ఎక్కడికైనా వెళ్లొద్దామనుకోగానే మన ఇళ్లలో ముందు మొదలయ్యేది లెక్క. సెలవు ఎన్ని రోజులు, ఆ రోజుల్లో ఎన్ని ఊళ్లు పడతాయి, ఒక్కో ఊళ్లో ఎన్ని చూడొచ్చు అని. పెట్టిన ఖర్చును చూసిన ఊళ్లతో భాగించి, ఎన్ని ఎక్కువ చూస్తే ప్రయాణం అంత గిట్టుబాటైనట్టు భావిస్తాం. నలభై మంది బస్సెక్కి క్షేత్రాలు తిరిగేటప్పుడు ఈ లెక్కలో న్యాయం ఉంది. ఎక్కినవాళ్లందరికీ ఏదో ఒకటి దక్కాలి కదా. ఇద్దరే వెళ్లే ప్రయాణానికి మాత్రం ఇది బొత్తిగా పనికిరాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒక చిన్న ఊరు ఎంచుకుని, వారం రోజులు అక్కడే ఉండి, ఇంకెక్కడికీ పరుగెత్తకుండా తిరిగి రావడమే మేలు. ఈ మాట గాలిలో చెప్పకుండా ఒక ఊరిని ముందు పెట్టుకుని మాట్లాడతాను. మధ్య అమెరికాలో, గ్వాటెమాలా దేశంలో, ఆంటిగ్వా అనే ఊరు. క్రికెట్ అభిమానులకు ఈ పేరు వినగానే వివియన్ రిచర్డ్స్ పుట్టిన కరీబియన్ దీవి గుర్తొస్తుంది. అది వేరు. ఇది కొండల మధ్య, సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున, 50 వేల లోపు జనాభాతో ఉన్న చిన్న పట్నం.

స్పానిష్‌లో ఆంటిగ్వా అంటే పాతది. గ్వాటెమాలా పాత రాజధాని కాబట్టి ఆ పేరు వచ్చింది. అంతకు ముందు స్పానిష్ పాలకుల రాజధాని దీనికి దగ్గర్లోనే, ఆగ్వా అగ్నిపర్వతం పాదాల దగ్గర ఉండేది. 1541 సెప్టెంబరులో కొండ మీది నుంచి బురద ముంచెత్తి ఆ ఊరు పూడిపోయింది. భర్త చనిపోవడంతో కొద్ది రోజుల ముందే గవర్నరు పదవి చేపట్టిన బియాత్రిజ్ డి లా కువేవా కూడా అందులో పోయింది. 1543లో రాజధాని ఇప్పుడున్న లోయలోకి మారింది. రెండు వందల ముప్పై ఏళ్లు చియాపాస్ నుంచి కోస్టారికా దాకా ఉన్న ప్రాంతమంతటినీ ఇక్కడి నుంచే ఏలారు. గుళ్లు, మఠాలు, 1676లో స్థాపించిన సాన్ కార్లోస్ విశ్వవిద్యాలయం, అచ్చు యంత్రం అన్నీ ఇక్కడికే వచ్చాయి. 1773 జులై 29న పెద్ద భూకంపం వచ్చి ఊళ్లో చాలా కట్టడాలు కూలిపోయాయి. ప్రభుత్వం రాజధానిని మార్చేయాలని పట్టుబట్టింది. ఆర్చిబిషప్ పెద్రో కోర్తెస్ యి లార్రాజ్ వద్దని ఎదురు నిలిచాడు. 1776లో ఇప్పటి గ్వాటెమాలా సిటీ అధికారికంగా రాజధాని అయింది. కార్యాలయాలు వెళ్లాయి, మఠాలు వెళ్లాయి, తలుపులు, కిటికీ కమ్ములు, గుడిగంటలు కూడా పీకి బండ్ల మీద తరలించారు. మిగిలినవాళ్లూ ఖాళీ చేసి రావాలని ఆజ్ఞలొచ్చాయి. కొందరు కదల్లేదు. ఆ కదలనివాళ్ల ఊరే ఇవాళ మనం చూస్తున్న ఆంటిగ్వా.

నా వాదనకు మొదటి సాక్ష్యం ఈ చరిత్రలోనే ఉంది. ఈ ఊరి అందం ఆగిపోవడం వల్ల వచ్చింది. రాజధాని పోయింది కనుక డబ్బు పోయింది, డబ్బు లేదు కనుక పాతవి కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది. కూలిన గుడి కూలినట్టే ఉంది, పక్కనే మరమ్మతు చేసుకున్న పెంకుటిల్లు. యునెస్కో 1979లో దీన్ని ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చింది. ఆగిపోయిన ఊరు మనల్నీ ఆపుతుంది. వీధులన్నీ చదరంగపు గళ్లలా ఉంటాయి, అన్నిటికీ ఎగుడుదిగుడు రాళ్లు పరిచి ఉంటాయి. ఆ రాళ్ల మీద కారు పాకుతూ పోవాల్సిందే, ఎత్తు మడమల చెప్పులతో నాలుగడుగులు వేయడం కూడా కష్టమే. దక్షిణాన ఆగ్వా కొండ నిటారుగా, 3,760 మీటర్ల ఎత్తున కనబడుతూ ఉంటుంది. దాన్ని చూస్తే దిక్కు తెలిసిపోతుంది, ఫోనులో పటం తీయనక్కర్లేదు. ఊరి గుర్తుగా అందరూ ఫొటో తీసుకునే పసుపు రంగు శాంతా కాతలీనా కమాను 17వ శతాబ్ది చివర్లో కట్టింది. వీధికి రెండు వైపులా ఆ పేరున్న మఠానికి స్థలం ఉండేది. బయటి కంటికి కనబడకుండా సన్యాసినులు ఇటు నుంచి అటు దాటడానికి దాన్ని కట్టారు. ఒక్క పూటకు వచ్చినవాళ్లకు అది ఫొటో. వారం ఉన్నవాళ్లకు అది పొద్దున పాలవాళ్లు, మధ్యాహ్నం బడిపిల్లలు, సాయంత్రం మరింబా వాయించేవాళ్లు కింద నుంచి వెళ్లే దారి. కమాను ఒక్కటే, మారేది దాని కింద నడిచే లోకం. అది తెలియడానికి రోజులు కావాలి.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి చెవికి సంబంధించిన ఒక చోటు గురించి కాస్త ఎక్కువ సేపు చెబుతాను. ఊళ్లో లాస్ కాపుచినాస్ అనే మఠం శిథిలాలున్నాయి. 1736లో పూర్తయిన కట్టడం. కట్నం తేలేని ఇళ్ల ఆడపిల్లలను కూడా చేర్చుకున్న మఠమిది. మిగతా మఠాల్లో చేరాలంటే పెళ్లికి ఇచ్చినట్టే కట్నం చెల్లించాల్సి వచ్చేది. ఇందులో గుండ్రని బురుజు ఒకటుంది, నడుమ ఖాళీ వాకిలి, చుట్టూ పద్దెనిమిది చిన్న గదులు. ఒక మనిషి పడుకుని ప్రార్థన చేసుకోవడానికి సరిపోయేంత చోటు, అంతే. ఆ బురుజు కిందకు దిగితే మరో గుండ్రటి గది వస్తుంది. మధ్యలో గొడుగు కర్రలాంటి ఒక లావాటి స్తంభం, దాని మీద నుంచి చుట్టూ వంగి దిగిన కప్పు. ఆ గదిని దేనికి వాడారో పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. సామాన్ల కొట్టని కొందరు, పాట సాధన చేసే చోటని కొందరు అంటారు. అందులో నిలబడి నోరు మూసుకుని సన్నగా ఓ రాగం తీస్తే చాలు, ఆ ధ్వని గోడల వెంట తిరిగి తిరిగి పెరుగుతుంది. ఒకరు స్తంభానికి ఈ వైపు, ఒకరు ఆ వైపు నిలబడితే మనిషి కనబడరు, గొంతు మాత్రం పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. మందతో వెళ్లినవాళ్లకు ఈ అనుభవం దక్కదు, నలభై మంది ఒకేసారి మాట్లాడితే అది ఉట్టి రొద. ఉదయం తలుపులు తీసిన వేళకు ఇద్దరే వెళ్లి, ఆ తరువాత ఎక్కడికీ పోవాల్సిన తొందర లేకపోతేనే ఆ గది తన పని చూపిస్తుంది.

ఇక ఆ ఇద్దరి సంగతి. పరుగుల ప్రయాణంలో ఆలుమగల మాటలు ఎలా ఉంటాయో గమనించండి. టికెట్లు ఎక్కడ పెట్టావు, చార్జర్ తీసుకున్నావా, బస్సు ఎన్నింటికి, ఆ పెట్టెకు తాళం వేశావా. ఇంట్లో ఉన్నప్పుడు ఏ మాటలు మాట్లాడుకుంటారో అవే, ఇంకాస్త గట్టిగా. పైగా ఒకరు మేనేజరు అవుతారు, ఒకరు వెంట నడిచేవారు అవుతారు. ఫోను చేతిలో ఉన్నవారికి విసుగు, వెనక నడిచేవారికి అలక. ఇది వాళ్ల స్వభావంలో దోషం అనుకోను; తిరుగుడు ఏర్పాటులోనే ఉన్న దోషం. ఒకే చోట ఉంటే రెండో రోజుకు ఈ మాటలన్నీ అయిపోతాయి, మూడో రోజు నుంచి వేరే మాటలు రావాలి. ఆంటిగ్వాలో దీనికి చక్కని మార్గం ఒకటుంది. స్పానిష్ నేర్పే బళ్లకు ఈ ఊరు దశాబ్దాలుగా పేరుమోసింది. ఒక విద్యార్థికి ఒక టీచరు, చెట్టు కింద చిన్న బల్ల, పూటకు నాలుగు గంటల పాఠం. కావాలంటే ఆ ఊరి కుటుంబంతోనే బస, భోజనం. ఇల్లు నడిపే మనిషి, ఆఫీసు నడిపే మనిషి ఇద్దరూ ఒకేసారి ఒకటో తరగతి పిల్లలవుతారు. నీళ్లు కావాలి అని చెప్పడానికి ఇద్దరూ ఒకేలా తడబడతారు. ఎవరూ ఎవరినీ నడిపించని ఈ స్థితి పదిహేనేళ్ల కాపురంలో అరుదుగా దొరుకుతుంది.

మన భాషలో ఈ ఆలోచన కొత్తదేం కాదు. మజిలీ అనే మాట మనకుంది. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల్లో కాశీకి నడుస్తున్న మణిసిద్ధుడు, గోపబాలుడు ఆగిన చోటే కథ మొదలవుతుంది. నడిచినంతసేపూ కథ లేదు. ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి మళ్లీ 1831లో ఇల్లు చేరడానికి పదిహేను నెలలు పట్టింది. ఆగిన చోటల్లా అక్కడి వస్తువుల ధరలు, నీళ్ల వసతి, మనుషుల తీరు రాసుకున్నారు గనకే ఆ పుస్తకం ఇవాళ చరిత్రకు పనికొస్తోంది. అప్పట్లో ఆగక తప్పేది కాదు, ఇప్పుడు మనం కోరి ఆగాలి. తేడా అంతే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. అంత దూరం, అంత ఖర్చు పెట్టి వెళ్లి ఒక చిన్న ఊళ్లో కూర్చుంటామా? ఉత్తరాన అడవిలో మాయా నాగరికత కట్టిన తికాల్ ఉంది, అతిత్లాన్ సరస్సు ఉంది, గురువారం ఆదివారం సంత జరిగే చిచికాస్తెనాంగో ఉంది. ఇవన్నీ వదిలేస్తామా? ముందు దూరం లెక్క చూద్దాం. హూస్టన్‌లోనో డాలస్‌లోనో ఉన్న మన తెలుగు జంటకు గ్వాటెమాలా హైదరాబాదు కంటే ఎంతో దగ్గర. హూస్టన్ నుంచి విమానం మూడు గంటల పైచిలుకు, ఆపైన విమానాశ్రయం నుంచి ఆంటిగ్వాకు రోడ్డు మీద గంటో గంటన్నరో. వాళ్లు మళ్లీ వెళ్లొచ్చు, తికాల్ ఎక్కడికీ పోదు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెళ్లేవాళ్లకైతే ఒక పగలూ రాత్రీ దాటిన ప్రయాణం, గడియారంలో పదకొండున్నర గంటల తేడా. మన అర్ధరాత్రి అక్కడ మధ్యాహ్నం. ఒళ్లు ఆ వేళకు అలవాటు పడడానికే మూడు రోజులు కావాలి. ఆ మూడు రోజుల్లో పెట్టె సర్దుతూ, విప్పుతూ, తెల్లవారుజామున వ్యాను ఎక్కుతూ తిరిగితే తికాల్ గోపురాల ముందు నిద్రకళ్లతో నిలబడడమే మిగులుతుంది. దూరం ఎక్కువైన కొద్దీ ఒకచోట ఉండాల్సిన అవసరం కూడా ఎక్కువవుతుందని నేననేది అందుకే. తికాల్ చూడకపోవడం నష్టం కాదా అంటే, నష్టమే. నాలుగూ చూశామనిపించుకుని ఒక్కటీ చూడకపోవడం అంతకంటే పెద్ద నష్టం.

రెండో అభ్యంతరం, వారం రోజులు అక్కడేం చేస్తాం, తోచదు కదా అని. ఈ మాట ఊరిని చూడకముందు అనేది. సోమ, గురు, శనివారాల్లో బస్టాండు పక్కన పెద్ద సంత. అమెరికాలో బడిపిల్లలను మోసి రిటైరైన బస్సులు ఇక్కడికొచ్చి, ఒళ్లంతా రంగులు పూయించుకుని చుట్టుపక్కల పల్లెల నుంచి జనాన్ని దింపుతుంటాయి. వచ్చేవాళ్లలో చాలామంది కక్చికెల్ మాట్లాడే మాయా ప్రజలు. వాళ్లలో ఆడవాళ్లు తొడిగిన జాకెట్టును విపిల్ అంటారు, దాని మీద నేతను బట్టి ఏ పల్లెటూరి మనిషో చెప్పొచ్చు. దగ్గర్లోని సాన్ అంతోనియో ఆగ్వాస్ కాలియెంతెస్‌లో నడుముకు పట్టీ కట్టుకుని, మగ్గం రెండో కొసను చెట్టుకో స్తంభానికో తగిలించి నేస్తారు. ఒక మంచి విపిల్‌కు నెలలు పడతాయి. వాళ్లు కట్టుకునే పావడా గుడ్డను నేయడానికి నూలును ముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు. మన పోచంపల్లి ఇక్కత్ పద్ధతి అదే, అక్కడ దాని పేరు హాస్పె. మగ్గం తెలిసిన తెలుగువాళ్లు అక్కడ ఒక పూట కూర్చుంటే దుబాసీ లేకుండానే సగం అర్థమవుతుంది. ఊరి చుట్టూ కాఫీ తోటలు. 19వ శతాబ్దంలో ఇక్కడి బతుకుతెరువు కొచినీల్ అనే పురుగు నుంచి తీసే ఎర్రరంగు. రసాయన రంగులొచ్చి అది దెబ్బతింటే కాఫీకి మారారు. ఆ తోటల్లో నీడకు పెంచే చెట్టును గ్రావిలేయా అంటారు. అరకులో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ అదే.

తిండి గురించి మన ఇళ్లలో ముందే బెంగ మొదలవుతుంది, కాబట్టి రెండు మాటలు. సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్న పిండిని ఆడవాళ్లు రెండు అరచేతుల మధ్య తపతప కొట్టి రొట్టె చేసి మట్టి పెనం మీద వేస్తారు. ఆ చప్పుడు భోజనాల వేళకు ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. దాంతో నల్ల చిక్కుడు గింజల ముద్ద, వేయించిన అరటిపండు, అవకాడో. శాకాహారులు మాంసం లేకుండా, పంది కొవ్వు లేకుండా అని రెండూ విడివిడిగా చెప్పాలి, ఎందుకంటే గింజల్లో కొవ్వు కలపడం అక్కడ మామూలే. పెపియాన్ అని వాళ్ల పేరున్న పులుసు ఒకటుంది. ఎండుమిరప, నువ్వులు, గుమ్మడి గింజలు, టమాటా మాడేదాకా వేయించి నూరుతారు. మిరపకాయ ఆ ఖండం నుంచి మన గుంటూరుకు వచ్చింది, నువ్వులు మన వైపు నుంచి అక్కడికి చేరాయి. వాళ్లకూ మనకూ రెంటినీ ఒకే రోట్లో నూరాలని తోచింది.

భద్రత గురించి అడిగేవాళ్ల భయాన్ని నేను తీసిపారేయను. గ్వాటెమాలాలో 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం నడిచింది, ఆ గాయాలు ఇంకా మానలేదు, నేరాలున్నాయి. ఊరిని పైనుంచి చూపే సెర్రో డి లా క్రూస్ గుట్ట మీద ఒకప్పుడు దోపిడీలు జరిగేవి. పర్యాటకుల పోలీసు వచ్చాక తగ్గాయి, అయినా చీకటి పడ్డాక ఎక్కకూడదు. రాత్రిళ్లు రోడ్డు ప్రయాణం వద్దని అక్కడివాళ్లే చెబుతారు. గమనించండి, ఊళ్లు తిరిగేవారికే ఈ ప్రమాదం ఎక్కువ, తెలియని రోడ్డు, తెలియని బస్టాండు, చేతిలో సామాను. ఒకే వీధిలో ఉండేవాళ్లను నాలుగో రోజుకు కిరాణా కొట్టువాళ్లు గుర్తుపడతారు. ఇక ఫ్వేగో అగ్నిపర్వతం. ఊరికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, ఎక్కువ కాలం కొద్ది నిమిషాలకోసారి బూడిద చిమ్ముతూ ఉంటుంది. రాత్రి డాబా మీద నుంచి ఎర్రటి గీత కనబడుతుంది. చాలామంది పక్కనున్న అకతెనాంగో కొండ ఎక్కి, రాత్రి అక్కడే ఉండి దాన్ని దగ్గరగా చూస్తారు. 2018 జూన్ 3న అదే కొండ నుంచి దూకిన నిప్పుబూడిద పల్లెలను కప్పేసి వందల మందిని పొట్టన పెట్టుకుంది. సాన్ మిగెల్ లోస్ లోతెస్ అనే పల్లె దాదాపు లేకుండా పోయింది. ఆ వెలుగును చూస్తూ దీన్ని తలుచుకోకపోవడం నాకు తప్పుగా తోస్తుంది. ఒకటి రెండు రోజుల్లో వెళ్లిపోయేవాళ్లకు తలుచుకునే వ్యవధి కూడా ఉండదు.

అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం చివరిది. ఇలా నిదానంగా వచ్చి ఉండేవాళ్ల వల్లే ఊరు ఊరివాళ్లది కాకుండా పోతోందని. ఇందులో నిజం ఉంది. ఆంటిగ్వా నడిబొడ్డున ఇళ్లు చాలావరకు హోటళ్లయ్యాయి, రాజధాని ధనవంతుల, విదేశీయుల చేతుల్లోకి వెళ్లాయి. వాటిలో పని చేసేవాళ్లు పక్క పల్లెల నుంచి బస్సులో వచ్చిపోతారు. రాజధాని మారిన నాటి ఆజ్ఞలు చేయలేని పనిని ఇప్పుడు అద్దెలు చేస్తున్నాయి. వారం ఉండడం వల్ల ఇది ఆగుతుందని నేను చెప్పలేను. ఎవరి చేతికి డబ్బు వెళ్లాలో ఎంచుకునే వీలు మాత్రం ఆగినవాళ్లకే ఉంటుంది. పాఠం చెప్పే టీచరుకు, అన్నం పెట్టే ఇంటికి, సంతలో కూరగాయలమ్మే మనిషికి, బేరం తెగ్గోయకుండా కొన్న విపిల్ నేసిన చేతులకు. ఒక పూటకు బస్సులో వచ్చినవాళ్ల డబ్బు ఆ బస్సు కంపెనీ దాటి ఊళ్లోకి పెద్దగా దిగదు.

ఎప్పుడు వెళ్లాలంటే, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు పెద్దగా ఉండవు. ఈస్టరు ముందరి పవిత్ర వారంలో ఊరు కిక్కిరిసిపోతుంది, 2022లో యునెస్కో ఆ ఉత్సవాలను తన అమూర్త వారసత్వ పట్టికలో చేర్చుకుంది. నన్నడిగితే ఆ వారం వదిలి, దానికి ముందు నలభై రోజుల్లో వచ్చే ఏదో ఒక ఆదివారం దొరికేలా వెళ్లమంటాను. ఆ ఆదివారాల్లోనూ ఊరేగింపులుంటాయి, ఊరేగింపు వచ్చే వీధిలో ఇళ్లవాళ్లు రంపపు పొట్టుతో తివాచీలు పరుస్తారు. ముగ్గు తెలిసిన మనకు ఆ పని చూడగానే చేతులు కదులుతాయి. పొట్టుకు రంగులద్ది, అట్టముక్కలో కోసిన పువ్వుల అచ్చును నేల మీద పెట్టి, పైనుంచి జల్లెడతో రాల్చుతారు. తివాచీ చెరగకుండా అడ్డంగా బల్ల వేసి, దాని మీద మోకాళ్లూని పని చేస్తారు. పొట్టు ఎగరకుండా మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తారు. గంటల తరబడి సాగే ఈ పనిలో కొత్త చేతులు ఎప్పుడూ కావాలి, వారం నుంచి ఆ వీధిలోనే తిరుగుతున్న జంటకు ఒకరికి జల్లెడ, ఒకరికి నీళ్ల డబ్బా అందుతుంది. తరువాత ధూపం వాసన, బాకాల మోత, ఊదా రంగు అంగీల్లో పదుల మంది భుజాన మోసే బరువైన పల్లకీ. వాళ్ల అడుగుల కింద తివాచీ చెదిరిపోతుంది. ఆ వెనకే పారలు, చీపుళ్లు పట్టుకుని ఊడ్చేవాళ్లు వస్తారు. ఇంటివాళ్లు గడప మీద కూర్చుని, వేళ్ల సందుల్లో మిగిలిన రంగు పొట్టును కడుక్కుంటూ ఉంటారు.